బడి ప్రణాళికలో పిల్లల పేర్లుండాలి

2025 జులై 10వ తేదీన ఉమ్మడి అనంతపురం జిల్లాలోని మన కొత్తచెరువు జిల్లా పరిషత్ హైస్కూలు పేరు రాష్ట్రమంతా వినిపించింది. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రెండో విడతకు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు, విద్యాశాఖ మంత్రి లోకేశ్ గారు ఇక్కడికే వచ్చారు. ముఖ్యమంత్రి తరగతి గదిలో బోర్డు ముందు నిలబడి వనరుల మీద పాఠం చెప్పారు. మంత్రి పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని విన్నారు. అదే రోజు రాష్ట్రంలో 61 వేలకు పైగా విద్యాసంస్థల్లో తల్లిదండ్రులు, టీచర్లు ఒకచోట కూర్చున్నారు. రెండు కోట్ల మందికి పైగా పాల్గొన్నారని ప్రభుత్వం ప్రకటించింది.

ఆ రోజు బడి పండగలా గడిచింది. పండగ అయ్యాక షామియానాలు విప్పేస్తారు, కుర్చీలు బండికెక్కిస్తారు. మర్నాడు పొద్దున ప్రార్థన గంట మామూలుగానే మోగుతుంది. ఆ మర్నాటి నుంచి బడిలో ఏం జరగాలి? వచ్చే మూడేళ్లలో ఈ పిల్లలు ఎక్కడికి చేరాలని మనం అనుకుంటున్నాం? ఆ అనుకున్నది ఎవరు రాయాలి? రాసింది అటక ఎక్కకుండా ఎలా కాపాడుకోవాలి? ఈ పూట ఈ విషయాలే మీతో మాట్లాడాలని వచ్చాను. ఈ ప్రాంతపు బళ్లలో పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి, చూసింది, నమ్మింది చెప్తాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. పిల్లల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. మనం స్కూలు కమిటీ అంటామే, అదే. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యను బట్టి చోటు ఉండాలి. ఆ తర్వాత 22వ సెక్షన్ ఇంకా పెద్ద మాట చెప్తుంది. బడి అభివృద్ధి ప్రణాళికను ఈ కమిటీయే తయారు చేయాలి. ప్రభుత్వం ఆ బడికి వేసే ప్రణాళికలకూ, ఇచ్చే నిధులకూ ఈ కాగితమే ఆధారం కావాలి.

ఒక్కసారి ఆలోచించండి. శెనక్కాయ పొలంలో కలుపు తీసే తల్లి, బెంగళూరులో గోడలు కట్టి వచ్చిన తండ్రి, తమ ఊరి బడి మూడేళ్ల భవిష్యత్తును రాయొచ్చని దేశం చట్టం చేసింది. పదిహేనేళ్లు దాటిపోయాయి. ఆ ప్రణాళిక ఎలా ఉంటుందో చూసిన తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారు?

ఎందుకు చూడలేదంటే, చాలాచోట్ల అది బడి పని కింద కాకుండా ఆఫీసు పని కింద జరిగిపోతోంది. ఫారం వస్తుంది, ఫలానా తేదీలోగా పంపాలంటారు. హెడ్మాస్టరు గారు ఒక సాయంత్రం కూర్చుని నింపుతారు. రెండు గదులు కావాలి, ప్రహరీ గోడ కావాలి, ఆరు ఫ్యాన్లు కావాలి, ఒక లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉంది. మీటింగు రోజున మినిట్స్ బుక్కు చేతులు మారుతుంది. సంతకం వచ్చినవాళ్లు సంతకం పెడతారు, రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. టీ తాగి వెళ్తారు. ఇందులో హెడ్మాస్టరు గారిని తప్పుపట్టడానికి లేదు. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాలు కూడా ప్రణాళికలో ప్రధానంగా ఇవే అడిగాయి: ఏ తరగతిలో ఎంతమంది చేరతారు, ఎంతమంది టీచర్లు కావాలి, ఏ వసతులు కావాలి, ఎంత డబ్బు కావాలి. ఇవన్నీ కావలసినవే. గది లేకుండా, టీచరు లేకుండా చదువు చెప్పలేం. కానీ ఈ కాగితం మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదివినా, ఆ బడిలో ఏ పిల్లకు చదవడం వచ్చో, ఏ పిల్లవాడికి రాలేదో తెలియదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బడి ప్రణాళిక పిల్లల పేర్లతో మొదలు కావాలి. గదులు, ఫ్యాన్లు, గోడలు ఆ తర్వాతి పేజీలో రావాలి.

కాగితాల మీద ప్రణాళిక ఎంత బాగా రాసినా అది తనంతట తాను పిల్లలకు చదువు తెచ్చిపెట్టదు. దీనికి గట్టి రుజువు ఉంది. మధ్యప్రదేశ్‌లో కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. అధికారులు బడిబడికీ వెళ్లి మదింపు చేశారు. లోపాలు గుర్తించి ఒక్కో బడికి ఒక్కో అభివృద్ధి ప్రణాళిక రాయించారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్తలు ఆ బళ్లనూ, ఆ కార్యక్రమం లేని బళ్లనూ పోల్చి చూశారు. 2020లో ఫలితాలు వెలువరించారు. మదింపులు దాదాపు అన్ని బళ్లలో జరిగాయి, ప్రణాళికలు దాదాపు అన్నిచోట్లా రాశారు. కానీ టీచర్ల హాజరు మారలేదు, పిల్లల హాజరు మారలేదు, పాఠం చెప్పే తీరు మారలేదు, పిల్లలకు వచ్చిన చదువులోనూ తేడా కనిపించలేదు. కాగితాలు మాత్రం అన్నీ సక్రమంగా ఉన్నాయి కాబట్టి, పైనుంచి చూసినవాళ్లకు ఆ కార్యక్రమం విజయవంతమైనట్టే తోచింది. తర్వాత దాన్ని వేల బళ్లకు విస్తరించారు కూడా.

దేశమంతటికీ ఇలాంటి మదింపు పద్ధతి ఇప్పుడు ఉంది. శాలా సిద్ధి అంటారు. ఏడు విభాగాలు, 46 ప్రమాణాలు. ఒక్కో ప్రమాణానికి బడి ఏ స్థాయిలో ఉందో హెడ్మాస్టరు గుర్తు పెట్టాలి. 46 అంశాలను ఒకేసారి మెరుగు చేయాలనుకున్న బడి దేన్నీ మెరుగు చేయలేదు. ఇద్దరో ముగ్గురో టీచర్లున్న పల్లె బడి సంగతి వేరే చెప్పాలా?

మరి ఏం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను చూసిన ఒక పాపను గురించి చెప్తాను. ఆరో తరగతిలో కొత్తగా చేరింది. తెలుగు పాఠం చదవమంటే పుస్తకం తెరిచి, వేలు పెట్టి, గడగడా చదివింది. ఎక్కడా ఆగలేదు. క్లాసంతా చప్పట్లు కొట్టబోయింది. దగ్గరికి వెళ్లి చూస్తే నోరు మూడో పేరాలో ఉంది, వేలు మొదటి పేరాలోనే ఉంది. పాఠమంతా ఆ పిల్లకు కంఠతా వచ్చు. పేజీ మధ్యలో ఒక్క మాట చూపించి, ఇదేమిటమ్మా అని అడిగితే తలదించుకుంది. ఐదేళ్లు బడికి వచ్చింది, హాజరు బాగుంది, నోట్సు ముత్యాల్లాంటి రాత. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించుతుంది. చదవడం మాత్రం రాదు. ఆ పిల్ల తెలివి తక్కువది కాదు. పేజీలకు పేజీలు విని గుర్తుపెట్టుకున్న పిల్లకు తెలివి తక్కువంటే ఎవరు నమ్ముతారు? ఐదేళ్లలో ఒక్కరైనా ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తెలియని పేరా ఒకటి చేతికిచ్చి, చదువమ్మా అనలేదు. అంతే జరిగింది.

ఇలాంటి పిల్లలు ఒకరిద్దరే అనుకోకండి. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2005 నుంచి అసర్ సర్వే జరుగుతోంది. వలంటీర్లు ఇళ్లకు వెళ్లి పిల్లల చేత అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఒక కథ చదివిస్తారు. 2024 సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. ఐదో తరగతిలో 44.8 శాతం. అంటే ఐదో తరగతి పూర్తిచేసుకుని హైస్కూలు మెట్లెక్కే పిల్లల్లో సగానికి పైగా, చదవడం సరిగా రాకుండానే సైన్సు, సోషల్ పుస్తకాలు భుజాన వేసుకుని వస్తున్నారు.

మన జిల్లాలో చెరువు లేని ఊరు అరుదు. చెరువు నిండకపోతే కట్ట మీద నిలబడి చెరువును తిట్టే రైతు ఎక్కడా కనపడడు. పైనున్న వంకలు, వాగులు పూడిపోయాయేమో చూసుకుంటాడు. పదో తరగతి ఫలితాలు కూడా అంతే. మార్చిలో పరీక్ష పెట్టుకుని డిసెంబరు నుంచి రాత్రి స్టడీ అవర్లు నడిపితే కొంత ఫలితం ఉంటుంది, కాదనను. కానీ హైస్కూలుకు వచ్చే నీళ్లన్నీ చుట్టుపక్కల ప్రాథమిక బళ్ల నుంచి రావాలి. కాబట్టి హైస్కూలు ప్రణాళిక ఆ ప్రాథమిక బళ్ల టీచర్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయాలి. ఏ బడి నుంచి ఏ పిల్లలు వస్తున్నారో, ఎవరికి ఏం వచ్చో, జూన్ 12న బడి తెరవకముందే హైస్కూలుకు తెలియాలి.

ఇది సాధ్యమేనా అని మీరు అడగొచ్చు. సాధ్యమని చూపినవాళ్లు ఉన్నారు. ఒకటి మనకు బాగా దూరంలో, ఒకటి మనకు బాగా దగ్గరలో.

దూరంలోది బ్రెజిల్ దేశంలోని సోబ్రాల్ పట్టణం. ఈశాన్య బ్రెజిల్‌లో సియరా అనే రాష్ట్రంలో ఉంది. అది కూడా మనలాంటి కరువు నేలే. అక్కడి జనం కూడా పనులు వెతుక్కుంటూ పెద్ద నగరాలకు వలస పోయేవాళ్లు. 2000 సంవత్సరం ప్రాంతంలో అక్కడి మునిసిపాలిటీ పిల్లలను పరీక్షిస్తే, రెండు మూడేళ్లు బడికి వచ్చినవాళ్లలో కూడా దాదాపు సగం మందికి చదవడం రాదని తేలింది. వాళ్లు పెట్టుకున్న మొదటి లక్ష్యం ఒక్క వాక్యంలో సరిపోతుంది: చిన్న తరగతుల్లోనే ప్రతి బిడ్డకూ చదవడం రావాలి. ఆ ఒక్క లక్ష్యం చుట్టూ మిగతావన్నీ కట్టారు. రాజకీయ సిఫారసులతో హెడ్మాస్టర్లను వేయడం మానేసి, ప్రతిభ చూసి ఎంపిక చేశారు. టీచర్లకు నెలనెలా శిక్షణ ఇచ్చారు. ఏడాదిలో క్రమం తప్పకుండా ప్రతి పిల్లవాడి చేతా పైకి చదివించి చూశారు. 2005లో బ్రెజిల్ మునిసిపాలిటీల్లో 1,366వ స్థానంలో ఉన్న సోబ్రాల్, ప్రాథమిక విద్యలో పదేళ్లకు దేశంలోనే మొదటి స్థానానికి వచ్చింది. దాని కంటే ఎంతో సంపన్నమైన నగరాలన్నీ వెనకబడ్డాయి.

దగ్గరలోది మదనపల్లె పక్కనున్న రిషి వ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి గారి ఆలోచనతో ఏర్పడిన ఆ పెద్ద బడి సంగతి చాలామందికి తెలుసు. ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో 1980ల నుంచి నడిచిన చిన్న బళ్ల సంగతి అంతమందికి తెలియదు. రమ, పద్మనాభరావు దంపతులు ఒక్క టీచరే అన్ని తరగతులూ చూసుకునే ఈ బళ్ల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. అంతకుముందు 1972లో మదనపల్లెకు దగ్గర్లో, కర్ణాటకలోని నీల్‌బాగ్‌లో డేవిడ్ హార్స్‌బరో పెట్టిన బడి వాళ్లకు స్ఫూర్తి. ఆ పద్ధతిలో గోడ మీద ఒక నిచ్చెన పటం ఉంటుంది. ఒక్కో మెట్టు ఒక్కో చిన్న పాఠం. మెట్టు మీద ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. పిల్లవాడు తానే పటం దగ్గరికి వెళ్లి, నిన్న ఏ మెట్టు దాకా వచ్చాడో చూసుకుని, అదే గుర్తున్న కార్డు అర నుంచి తీసుకుని వచ్చి కూర్చుంటాడు. శెనక్కాయ పీకడానికి పది రోజులు బడి మానేసి వచ్చినా, ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. పాఠం వాణ్ణి వదిలేసి వెళ్లిపోదు. 2003లో ఈ పద్ధతి చెన్నై కార్పొరేషన్ బళ్లకు వెళ్లింది, తర్వాత తమిళనాడు అంతా పాకింది. మన సీమ పల్లెల్లో పుట్టిన ఆలోచన అది.

ఈ రెండింటిలో నాకు కనిపించే పాఠం ఇది. లక్ష్యం చిన్నగా ఉంది, అందరికీ అర్థమయ్యేట్టు ఉంది. ప్రతి పిల్లా ఎక్కడుందో టీచరుకు తెలుసు. రిషి వ్యాలీ పల్లె బళ్లలో అయితే ఆ పిల్లకే తెలుసు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. కొత్తచెరువు లాంటి ఊరి బడి తన ప్రణాళికలో ఏం రాసుకోవాలి?

మొదటిది, చదవడం. మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లా తెలియని పేరాను అర్థం చేసుకుంటూ చదవాలి, రెండంకెల కూడికలు తీసివేతలు చేయాలి. కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం కూడా ఇలాంటిదే. ప్రతి తరగతికీ ఒక పేర్ల పట్టిక ఉండాలి. అక్షరాల దగ్గర ఎవరు, మాటల దగ్గర ఎవరు, పేరా దగ్గర ఎవరు, కథ దగ్గర ఎవరు. ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు చాలు. నలభై మంది తరగతి వారం రోజుల్లో అయిపోతుంది. ఆరో తరగతిలో చేరిన వాళ్లకైతే జూన్ నెలలోనే ఈ పని జరగాలి. చదవడం రాని పిల్లలకు రోజూ ఒక గంట, వాళ్లు ఉన్న మెట్టు నుంచి నేర్పాలి. ఈ పనికి మనకు మంచి అండ పక్కనే ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లా డైట్ కాలేజీ మన పక్క బుక్కపట్నంలోనే ఉంది. అక్కడ టీచర్ ట్రైనింగ్ చదివే పిల్లలు చుట్టుపక్కల బళ్లకు వచ్చి ఈ చదివింపు పరీక్ష చేస్తే, బడికి మేలు, వాళ్లకు అంతకంటే పెద్ద పాఠం.

రెండోది, వలస. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా వేళకు పడని నేల మనది. శెనక్కాయ ఇంటికి వచ్చినా రాకపోయినా, పంట కాలం అయిపోయాక బెంగళూరు రైలెక్కే కుటుంబాలు ఉంటాయి. కొందరు పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్తారు, కొందరు వెంట తీసుకెళ్తారు. ఎవరు వెళ్తారో ఊరికి ముందే తెలుసు. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చిన రోజే వీధంతా తెలుస్తుంది. బడికి మాత్రం జనవరిలో హాజరు పట్టీలో వరసగా గైర్హాజరు పడ్డాక తెలుస్తుంది. అందుకే ప్రణాళికలో ఒక గీత గీసుకోవాలి. ప్రతి ఏటా దీపావళిలోగా వలస వెళ్లబోయే కుటుంబాల పట్టిక తయారు కావాలి. స్కూలు కమిటీలో ఉన్న తల్లులు వీధికి ఒకరు చొప్పున ఈ పని రెండు సాయంత్రాల్లో చేసేస్తారు. పిల్లలు ఊళ్లో ఉండిపోతే అవ్వ ఫోన్ నంబరు టీచరు దగ్గర ఉండాలి. వలస కుటుంబాల పిల్లలకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు ఉంది, దానికి కమిటీ ముందుగానే అడగాలి. పిల్లలు వెంట వెళ్లితే, విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ వాళ్లకు ఇంకో బడికి మారే హక్కు ఇచ్చింది. హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు. ఈ సంగతి తెలియక ఎంతమంది పిల్లలు కట్టడాల దగ్గర తమ్ముళ్లను ఆడిస్తూ ఏడాది పోగొట్టుకున్నారో!

మూడోది, ఆడపిల్లలు. పదో తరగతి పాసైన ఆడపిల్ల జులైలో ఎక్కడుంది? ఈ ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు. పాస్ శాతం లెక్కలో ఆ పిల్ల ఉంది, ఆ తర్వాత బడికి ఆమెతో సంబంధం తెగిపోయింది. జూనియర్ కాలేజీకి బస్సు వేళలు కుదరక ఒకరు, చెల్లెలిని చూసుకోవడానికి ఒకరు, పదహారేళ్లకే సంబంధం కుదిరి ఒకరు ఆగిపోతారు. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేస్తే నేరమని అందరికీ తెలుసు, 1098కి ఫోన్ చేయొచ్చని కొందరికి తెలుసు. అయినా ఆడపిల్ల ఇంటివాళ్లతో ముందుగా మాట్లాడగలిగేది ఆ పిల్లకు పాఠం చెప్పిన టీచరమ్మే. కాబట్టి బడి లక్ష్యంలో ఈ మాట ఉండాలి: మా బడిలో పదో తరగతి చదివిన ప్రతి ఆడపిల్లా ఇంటర్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఐటీఐలోనో చేరేదాకా ఆమె మా పిల్లే.

నాలుగోది, దారులు. మన పిల్లలకు తెలివి ఉంది, దారి చెప్పేవాళ్లు కావాలి. ఎనిమిదో తరగతిలో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ పరీక్ష రాసి ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేల రూపాయలు స్కాలర్‌షిప్ వస్తుంది. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉన్న ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ల పిల్లల కోసం అది. మన ఊళ్లో అర్హులు ఎంతమంది, రాసినవాళ్లు ఎంతమంది? పదో తరగతి మార్కులతో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వాళ్లు 2019 నుంచి కార్లు తయారు చేస్తున్నారు. ఆ ఫ్యాక్టరీ గేటు ముందు మన పిల్లవాడు ఏ పనికి నిలబడతాడనేది, తొమ్మిదో తరగతిలో వాడికి లెక్కలు ఎంత వచ్చాయనే దాని మీద ఆధారపడి ఉంది. ధర్మవరం మగ్గాల దగ్గర ఉండిపోయే పిల్లకూ, ఊళ్లోనే సేద్యం చేసుకునే పిల్లవాడికీ కూడా మంచి చదువు కావాలి. బ్యాంకు కాగితం చదువుకుని సంతకం పెట్టాలి, డిజైనుకు కూలి లెక్క తానే వేసుకోవాలి, నేల పరీక్ష రిపోర్టు అర్థం చేసుకోవాలి. ఊరు విడిచి వెళ్లినవాడు ఒక్కడే గెలిచినట్టు బడి లెక్క కట్టకూడదు. వెళ్లాలో ఉండాలో తన ఇష్ట ప్రకారం తేల్చుకోగలిగిన ప్రతి పిల్లా బడి గెలిపించిన పిల్లే.

ఇక ఈ ప్రణాళిక ఎలా నిలబడుతుంది? ఇదీ అసలు కష్టం.

మంచి హెడ్మాస్టరు వచ్చారు, బడి బాగుపడింది. ఆయన బదిలీ అయ్యారు, బడి మళ్లీ మొదటికి వచ్చింది. ఈ కథ మీ ఊళ్లో కూడా విని ఉంటారు. బదిలీ నిబంధనల ప్రకారం హెడ్మాస్టరు ఐదేళ్లకు, టీచర్లు ఎనిమిదేళ్లకు కదలాల్సిందే. స్కూలు కమిటీకి రెండేళ్ల గడువు. పిల్ల మాత్రం ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా పదేళ్లు అదే ఊళ్లో చదువుకుంటుంది. కాబట్టి ప్రణాళిక ఒక హెడ్మాస్టరు పేరు మీద ఉండకూడదు. ఊరి పేరు మీద ఉండాలి. కొత్త హెడ్మాస్టరు చార్జి తీసుకున్న రోజున తాళాలు, రికార్డులతో పాటు ఆ పేర్ల పట్టికను కూడా కమిటీ ఎదుట చేతికివ్వాలి. అయ్యా, ఈ పిల్లలు ఇక్కడిదాకా వచ్చారు, ఇక్కడి నుంచి మీరు తీసుకెళ్లాలి అని చెప్పాలి.

రెండో మాట, ప్రణాళిక ఒక పేజీ దాటకూడదు. తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి ఆఫీసు గది బయట అంటించాలి. మధ్యాహ్న భోజనం వండే అక్క కూడా దాన్ని చదివి, మా బడి ఈ ఏడాది ఏం అనుకుందో చెప్పగలగాలి. పిల్లల పేర్ల పట్టిక మాత్రం గోడ మీద పెట్టకూడదు. చదవడం రాదని ఏ పిల్లనూ నలుగురిలో చిన్నబుచ్చే హక్కు మనకు లేదు. అది టీచరు దగ్గర ఉండాలి, ఆ పిల్ల తల్లిదండ్రులకు విడిగా చూపించాలి.

మూడో మాట, కమిటీ మీటింగులో మొదటి అరగంట పిల్లల చదువుకే కేటాయించాలి. పెయింటు, పైపులు, బిల్లులు ఆ తర్వాత. పోయిన నెల అక్షరాల దగ్గర పన్నెండు మంది ఉన్నారు కదా, ఈ నెల ఎంతమంది, కదలని వాళ్లు ఎవరు, ఎందుకు కదల్లేదు? కళ్లు కనపడక బోర్డు చూడలేకపోతున్నదా, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకుంటూ వారానికి రెండు రోజులే వస్తున్నదా? ఇలా ఒక్కో పేరు దగ్గర ఆగి మాట్లాడితే చాలా సమస్యలకు డబ్బు అక్కర్లేదని తెలుస్తుంది. డబ్బు కావలసినచోట, ఎందుకు కావాలో గట్టిగా అడిగే బలం కమిటీకి వస్తుంది.

నాలుగో మాట, టీచర్ల సమయం. యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, వివరాలు పంపడం, శిక్షణలు, సర్వేలు, వీటి మధ్య పాఠం చెప్పే సమయం తగ్గిపోతోందని టీచర్లు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఆ మాటలో నిజం ఉంది. పిల్ల పక్కన కూర్చుని చదివించే ఐదు నిమిషాలు టీచరుకు దొరకాలంటే, ఆ టీచరు మీద నుంచి ఏదో ఒక పని తీసేయాలి. అందుకే బడి ప్రణాళికలో, ఈ ఏడాది చేయబోని పనుల జాబితా కూడా రాసుకోవాలని నేనంటాను. అధికారులు కూడా బడికి వచ్చినప్పుడు రిజిస్టరు అడిగే ముందు ఒక పిల్లను పిలిచి చదివించండి. ఒక్క పిల్ల గొంతు విన్నాక ఆ బడి గురించి ఏ రిజిస్టరూ చెప్పని సంగతి తెలుస్తుంది.

తల్లిదండ్రులారా, చివరగా మీతో నేరుగా ఒక మాట. మీలో చాలామందికి, మేం చదువుకోలేదు కదా, బడిలో మేమేం అడుగుతాం అనే బెరుకు ఉంటుంది. ఆ బెరుకు వదిలేయండి. చదువు రానివాళ్లు కూడా అడగదగిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. మా పిల్లకు తెలియని పేరా ఇస్తే చదువుతుందా, నా ముందే చదివించండి. చదవలేకపోతే, ఎప్పటిలోగా నేర్పుతారు, దానికి ఇంట్లో నేనేం చేయాలి? మా బడి ప్రణాళిక ఎక్కడుంది, అందులో ఏం రాశారో చదివి వినిపించండి. ఈ మూడూ గౌరవంగా, చేతులు కట్టుకోకుండా అడగండి. అడగమని చట్టమే మీకు చెప్పింది. మంచి టీచరు ఎవరైనా ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు, ఎందుకంటే ఇన్నాళ్లూ ఆ మాట పట్టించుకునేవాళ్లు లేక వాళ్లు ఒంటరిగా పోరాడుతున్నారు.

మన నేలలో వాన మన చేతిలో లేదు. ధర మన చేతిలో లేదు. మూడో తరగతి పిల్లకు చదవడం నేర్పడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. దానికి కావలసిన టీచరు, పుస్తకం, చట్టం, కమిటీ, అన్నీ మన ఊళ్లోనే ఉన్నాయి. ఈసారి స్కూలు కమిటీ మీటింగుకు వెళ్లినప్పుడు ఖాళీ కాగితం ఒకటి బల్ల మీద పెట్టించి, మొదటి పేరు రాయించండి. బడి ప్రణాళిక అక్కడ మొదలవుతుంది.